జెనాన్ దీపం

పిల్లలూ, చీకట్లో రోడ్డు వారగా నడుస్తూ ఉండగా, ఎదురుగా వచ్చే బండి దీపం కళ్ళలో పడి, ఏమీ కనబడక మీరెప్పుడైనా నిలిచిపోయారా? పోయిన కార్తీకమాసంలో నాకు అలాంటి అనుభవమే జరిగింది. ఆ దీపం ఎవరిదో తెలిసినప్పుడు నేను మరీ ఆశ్చర్యపోయాను. ఆ సంగతి మీకు చెబుతాను. దానితోపాటు ఒక వింత వాయువును గురించీ, దీపం వెనక ఉండే అద్దాన్ని గురించీ కూడా తెలుసుకుందాం.

మాది గోరంట్ల. ఇది ఒకప్పుడు అనంతపురం జిల్లాలో ఉండేది. 2022 నుంచి శ్రీ సత్యసాయి జిల్లాలో ఉన్నది. ఇక్కడ వానలు తక్కువ, వేరుశనగ చేలు ఎక్కువ. ఊరు దాటితే చీకటే. పొద్దు గూకాక గొర్రెల మందలు దొడ్లకు తిరిగి వస్తుంటాయి. చేలకు పోయి వచ్చే రైతులు రోడ్డు వారగా నడుస్తుంటారు.

మా అక్క కొడుకు పెనుకొండ దగ్గర ఒక కార్ఖానాలో పని చేస్తున్నాడు. వారం విడిచి వారం వాడికి రాత్రి పని ఉంటుంది. పొద్దు గూకాక మోటారు సైకిలెక్కి, పాలసముద్రం మీదుగా వెళ్ళి, తెల్లవారి తిరిగి వస్తాడు. బండి పాతది, దాని దీపం గుడ్డిది. ఒకనాటి రాత్రి రోడ్డు మధ్య పడుకున్న ఎనుము, దాని మీదికి పోబోయేదాకా వాడికి కనబడలేదు.

"మామా, ఈ దీపంతో ఎప్పుడో నా ప్రాణం మీదికి వస్తుంది. బెంగుళూరులో జెనాన్ దీపం సామాను అమ్ముతున్నారు. అది బిగిస్తే రాత్రి పగలై పోతుందంట," అన్నాడు వాడు.

వాడి భయం నిజమైనదే. అందుచేత నేను వద్దనలేదు. నలభై ఏళ్ళు పిల్లలకు పాఠాలు చెప్పినవాణ్ణి, అప్పుడే కొంచెం ఆలోచించి ఉండవలసింది.

ఆ ఆదివారం వాడు ఒక అట్టపెట్టె తెచ్చి మా వాకిట్లో విప్పాడు. అందులో ఒక చిన్న గాజు బల్బూ, అరచేతి వెడల్పున ఒక లోహపు డబ్బా, తీగల కట్టా, ఫ్యూజూ ఉన్నాయి. మా అబ్బాయి కూతురు ఎనిమిదో తరగతి చదువుతున్నది. అది డబ్బాను చేతిలోకి తీసుకుని తిప్పి చూసింది.

"తాతా, బల్బు ఇంత చిన్నది. దానికి ఇంత బరువు డబ్బా ఎందుకు?" అని అడిగింది.

మంచి ప్రశ్న! మామూలు బల్బులో టంగ్‌స్టన్ అనే లోహంతో చేసిన సన్నని తీగ చుట్ట ఉంటుంది. దాన్నే ఫిలమెంటు అంటారు. కరెంటు పారితే అది సుమారు 3,000 డిగ్రీల దాకా కాగి, కొలిమిలోని ఇనుము మాదిరిగా, ఇంకా తెల్లగా, వెలుగుతుంది. అంత వేడికి టంగ్‌స్టన్ కొంచెం కొంచెంగా ఆవిరై గాజుకు పట్టుకుంటుంది, గాజు నల్లబడుతుంది. అలా కాకుండా బల్బులో అయొడిన్‌గాని బ్రోమిన్‌గాని కొంచెం చేర్చితే, అది ఆవిరైన టంగ్‌స్టన్‌ను మళ్ళీ తీగ మీదికే చేరుస్తుంది. ఇదే హాలోజన్ బల్బు. 1962 నుంచి యూరప్‌లో కార్లకు వీటిని వాడసాగారు. మా మేనల్లుడి బండిలో ఉన్నదీ ఈ రకందే.

జెనాన్ బల్బులో తీగ చుట్టే లేదు! బఠాణీ గింజంత గాజు బుడ్డిలో రెండు టంగ్‌స్టన్ మొనలు ఎదురెదురుగా ఉంటాయి. వాటి మధ్య సుమారు 4 మిల్లీమీటర్ల ఎడం. ఆ బుడ్డిలో జెనాన్ వాయువూ, కొద్దిగా లోహ లవణాలూ ఉంటాయి. మేఘాల మధ్య మెరుపు దూకినట్టు, ఆ మొనల మధ్య మెరుపు దూకితేనే దీపం వెలుగుతుంది. అందుకు బండి బ్యాటరీ ఇచ్చే 12 వోల్టులు బొత్తిగా చాలవు. వాటిని సుమారు 20 వేల వోల్టులకు పెంచి, ఒక్క దెబ్బ కొట్టేదే ఆ లోహపు డబ్బా. దాని పేరు బాలాస్ట్. ఒకసారి మెరుపు దూకి దారి ఏర్పడ్డాక, దాన్ని నిలపడానికి 85 వోల్టులు చాలు. మొదట జెనాన్ నీలంగా వెలుగుతుంది. ఆ వేడికి లవణాలు ఆవిరై, అవి కూడా వెలిగి, కొద్ది క్షణాల్లో దీపం తెల్లగా, నిండుగా వెలుగుతుంది. ఖర్చయ్యేది 35 వాట్లే. కాని అంతే వాట్ల హాలోజన్ బల్బు ఇచ్చేదానికి మూడు రెట్లకు పైగా వెలుగు వస్తుంది.

ఈ జెనాన్ కథ కూడా చిత్రమైనదే. 1898లో లండన్‌లో విలియం రామ్సే, మారిస్ ట్రావర్స్ అనే శాస్త్రజ్ఞులు గాలిని చల్లబరచి ద్రవంగా మార్చి, అందులో ఏమేమి ఉన్నాయో వేరుచేసి చూస్తున్నారు. అలా చూడగా, చిట్టచివర మిగిలిన రవంత వాయువు గాజు గొట్టంలో చక్కని నీలి వెలుగు ఇచ్చింది. అంతకు ముందు దాన్ని ఎరిగినవారు లేరు. అందుచేత దానికి జెనాన్ అని పేరు పెట్టారు. గ్రీకు భాషలో ఆ మాటకు అర్థం పరాయివాడు అని. మనం పీల్చే గాలిలోనే అది ఉన్నది. అయితే కోటి లీటర్ల గాలిలో వెతికినా ఒక్క లీటరు జెనాన్ దొరకదు!

రామ్సేకు 1904లో రసాయన శాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది. మనకు ముఖ్యమైన విశేషం ఇంకొకటి ఉన్నది. జంషెట్‌జీ టాటా మన దేశంలో ఒక గొప్ప విజ్ఞాన సంస్థను పెట్టదలచినప్పుడు, 1900లో రామ్సే వచ్చి దేశం తిరిగి చూసి, దానికి బెంగుళూరు తగిన చోటు అని సలహా ఇచ్చాడు. 1909లో ఏర్పడ్డ ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్ అదే. జెనాన్‌ను కనిపెట్టినవాడు మెచ్చిన ఊరినుంచే మా మేనల్లుడు జెనాన్ దీపం కొనుక్కుని వచ్చాడన్నమాట!

ఇక బిగించడం మొదలైంది. మొట్టమొదట బ్యాటరీ తీగ ఊడదీశాడు. తరవాత హెడ్‌లైటు విప్పి పాత బల్బు తీశాడు. కొత్త బల్బు గాజుకు వేలు తగలకుండా గుడ్డతో పట్టుకుని అమర్చాడు. వేలి జిడ్డు అంటితే ఆ చోట గాజు ఎక్కువగా కాగి పగలవచ్చు. బాలాస్ట్‌ను ట్యాంకు కింద కట్టి, తీగలను ఫ్యూజు ద్వారా బ్యాటరీకి కలిపాడు. పిల్లలూ, 20 వేల వోల్టుల సామాను ఆటవస్తువు కాదు. దాని తీగలు మీరు ఎన్నడూ ముట్టుకోవద్దు.

చీకటి పడ్డాక వాడు బండి స్టార్టు చేసి మీట నొక్కాడు. నీలంగా ఒక మెరుపు మెరిసింది. చూస్తుండగానే వీధి చివరి దాకా పాలు పోసినట్టు తెల్లని వెలుగు పరుచుకున్నది. వీధిలో పిల్లలంతా చప్పట్లు కొట్టారు. మా మేనల్లుడి ముఖం దీపంకన్నా ఎక్కువగా వెలిగింది.

తరవాత నాలుగు రోజులకు నేనూ, మా మనవరాలూ పాలసముద్రంలో చుట్టాలింటికి వెళ్ళి, స్కూటరు మీద గోరంట్లకు తిరిగి వస్తున్నాం. సాయంకాలం ఏడు కావస్తున్నది. వంక దగ్గర మలుపు తిరిగేసరికి ఎదురుగా ఒక తెల్లని వెలుగు వచ్చి నా ముఖాన కొట్టింది. రోడ్డు లేదు, చెట్లు లేవు, నా స్కూటరు ముందు చక్రం కూడా నాకు కనబడలేదు.

"ఓ సామీ! బండీ! బండీ!" అని ఎవరో కేక వేశారు.

నేను బ్రేకు నొక్కి ఎడమపక్కకు తిప్పాను. స్కూటరు మట్టిలోకి దిగి పక్కకు ఒరిగింది. ఇద్దరం పడ్డాం. లేచి చూద్దును గదా, నాలుగడుగుల దూరంలో వేరుశనగ కట్టె నింపిన ట్రాక్టరు ట్రాలీ ఒకటి నిలిచి ఉన్నది! దాని చక్రం పంక్చరయింది. వెనక దీపం లేదు. ఆ కేక వేసినవాడు దాని రైతే.

"సామీ, ఆ దీపానికి నా కండ్లు గూడా పోయినాయి. మీరు దగ్గరికి వచ్చేదాకా నాకు కనపడల్యా," అన్నాడతను.

మనవరాలి మోచెయ్యి దోక్కుపోయింది. అంతకన్నా దెబ్బలేమీ తగలలేదు. కాని ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నేను లెక్కవేసి చూశాను. గంటకు 40 కిలోమీటర్ల వేగంతో పోయే బండి ఒక్క సెకనులో 11 మీటర్లు పోతుంది. మూడు సెకన్లు కళ్ళు కనబడకపోతే, 33 మీటర్లు కళ్ళు మూసుకుని పోయినట్టే!

కళ్ళు ఎందుకు అలా అవుతాయి? చీకట్లో చూడడానికి మన కంటి లోపలి తెరలో ఊదారంగు పదార్థం ఒకటి పనిచేస్తుంది. తీవ్రమైన వెలుగు తగిలితే అది వెలిసిపోతుంది. మళ్ళీ ఊరడానికి సమయం పడుతుంది. పూర్తిగా చీకటికి అలవాటు పడడానికి కంటికి అరగంట దాకా కావాలి. నావంటి ముసలివాళ్ళకు మరొక చిక్కు ఉన్నది. వయసు మళ్ళినకొద్దీ కంటిలోని కటకం మసకబారుతుంది. వెలుగు అందులో చెదిరి, పొగమంచులా కళ్ళను కప్పేస్తుంది.

మరునాడు పొద్దున మేనల్లుడు పని నుంచి తిన్నగా మా ఇంటికి వచ్చాడు. మనవరాలి మోచేతికి కట్టు చూసి వాడికి కోపం వచ్చింది.

"ఎవడు మామా వాడు? నంబరు చూసినావా?"

"చూడడానికి కళ్ళు కనబడితే గదా!"

"ఎక్కడ? ఎన్ని గంటలకు?"

"వంక దగ్గర. ఏడు కావస్తున్నది."

వాడు ఏమీ మాట్లాడకుండా కొంతసేపు నిలబడ్డాడు. తరవాత గొంతు తగ్గించి, "ఆ వేళకు వంక దగ్గర పోయింది నేనే మామా. ఎదురుగా ఒక స్కూటరు దీపం చూసినా. అది పక్కకు దిగింది. నాకు దారి ఇచ్చినారనుకున్నా," అన్నాడు.

వాణ్ణి నేను తిట్టలేదు. తన దీపం ఎదుటివాడి కంటికి ఎలా ఉంటుందో దాని వెనక కూర్చున్నవాడికి తెలియదు గదా! ఆ దోషం ఎక్కడ ఉన్నదో ముగ్గురం కలిసి చూద్దామన్నాను.

మన దేశపు మోటారు వాహనాల నియమాలలో దీపాన్ని గురించి ఒక లెక్క ఉన్నది. డిమ్ వేసినప్పుడు దీపానికి 8 మీటర్ల ముందు, అర మీటరు కుడిపక్కన, నేలకు మీటరున్నర ఎత్తున ఉండే కళ్ళకు మిరుమిట్లు రాకూడదు. మన దేశంలో బండ్లు ఎడమపక్కన పోతాయి కనుక, ఎదురుగా వచ్చేవాడు కుడిపక్కన ఉంటాడు. అతని కన్ను ఉండే చోటే అది!

ఆ రాత్రి మట్టంగా ఉన్న చోట బండి నిలిపాం. మనవరాలు టేపుతో 8 మీటర్లు కొలిచింది. సరిగ్గా ఆ చోట ఒక కర్ర నాటి, మీటరున్నర ఎత్తున తెల్లకాగితం అంటించాం. మనిషిని నిలబెట్టి కళ్ళు పాడుచెయ్యడం దేనికి? దీపం డిమ్‌లో వెయ్యగానే కాగితం భగ్గున మెరిసింది. ఆ వెనక ఉన్న వేపచెట్టు కొమ్మలు కూడా తెల్లగా వెలిగాయి. తరవాత పాత హాలోజన్ బల్బు పెట్టి చూశాం. రోడ్డు మీద వెలుగు పడింది గాని, కాగితం మసకగానే ఉన్నది.

"మామా, నీ దీపం రోడ్డుకన్నా చెట్టునే ఎక్కువ చూస్తున్నది!" అన్నది మనవరాలు.

కారణం దీపం వెనక ఉండే లోతైన అద్దంలో ఉన్నది. ఆ అద్దంలో నాభి అనే చోటు ఒకటి ఉంటుంది. దీపం అక్కడ ఉంటే వెలుగు తిన్నగా ముందుకు పోతుంది. హాలోజన్ బల్బులో రెండు ఫిలమెంట్లు ఉంటాయి. బ్రైటు వేస్తే నాభి దగ్గరిది వెలుగుతుంది. డిమ్ వేస్తే దానికి కొంచెం ముందున్నది వెలుగుతుంది. ఈ రెండోదాని నుంచి అద్దం పైసగానికి పోయిన వెలుగు కిందికి, రోడ్డు మీదికి, తిరుగుతుంది. కిందిసగానికి పోతే పైకి, ఎదుటివాడి కళ్ళలోకి, తిరుగుతుంది. అందుకని ఆ ఫిలమెంటు కింద చిన్న లోహపు దొప్ప అమర్చి, వెలుగు కిందిసగానికి పోకుండా ఆపారు. గోరంత దొప్ప! అదే ఎదుటివాడి కళ్ళను కాపాడుతున్నది.

మా మేనల్లుడు తెచ్చిన జెనాన్ బల్బులో ఆ దొప్ప లేదు. మెరుపు కూడా ఫిలమెంటు ఉండవలసిన చోట, ఆ ఆకారంలో లేదు. అందువల్ల మూడు రెట్ల వెలుగు దిక్కూ మొక్కూ లేకుండా చెదిరిపోతున్నది.

మరి కార్లలో జెనాన్ దీపాలు లేవా? ఉన్నాయి. 1991లో జర్మనీలో బి.ఎం.డబ్ల్యు. కంపెనీవారు తమ పెద్ద కారుకు వీటిని మొట్టమొదట అమర్చారు. అయితే వాటికి తగిన అద్దాలూ, కటకాలూ వేరుగా తయారుచేశారు. కారు వెనక బరువు పెరిగితే దీపం పైకి లేవకుండా దానంతటదే వంగే ఏర్పాటూ, దీపం గాజును నీళ్ళు చిమ్మి కడిగే ఏర్పాటూ ఉండాలని యూరప్‌లో నియమం కూడా పెట్టారు. గాజు మీద దుమ్ము ఉన్నా వెలుగు చెదురుతుంది కదా! అట్టపెట్టెలో అమ్మే బల్బుతో ఇవేవీ రావు. పైగా, తయారుచేసినవారు నిర్ణయించినదానికి భిన్నంగా బండిని మార్చడం మోటారు వాహనాల చట్టానికి విరుద్ధం. 1988 నాటి ఆ చట్టంలోని 52వ సెక్షను గురించి 2019లో సుప్రీంకోర్టు కూడా ఈ సంగతే స్పష్టం చేసింది.

"అయితే మామా, నేను మళ్ళీ గుడ్డిదీపంతోనే పోవాల్నా? ఎనుములు పడుకునే ఉంటాయి కదా!" అన్నాడు మేనల్లుడు.

వాడు అడిగింది న్యాయమే. అందుచేత పాత దీపం ఎందుకు గుడ్డిదయిందో వెతికాం. గాజు లోపలా బయటా దుమ్ము పేరుకుని ఉన్నది. బల్బు నల్లబడింది. అన్నిటికన్నా ముఖ్యం, దీపపు ఎర్త్ తీగ తుప్పు పట్టి వదులయింది. ఇక్కడ ఒక విశేషం ఉన్నది: బల్బుకు చేరే వోల్టేజి పదో వంతు తగ్గితే, వెలుగు పదో వంతు కాదు, ఇంచుమించు మూడో వంతు తగ్గిపోతుంది! తీగ కొనను గరుకు కాగితంతో రుద్ది బిగించాం. గాజు తుడిచాం. కంపెనీ చెప్పిన వాట్లకే మంచి బల్బు కొత్తది వేశాం.

తరవాత దీపం వంపు సరిచేశాం. ఇది మీ ఇంట్లో పెద్దలు కూడా చేసుకోవచ్చు. ముందుగా టైర్లలో గాలి సరిగా ఉండాలి. మట్టమైన నేల మీద గోడకు 5 మీటర్ల దూరాన బండి నిలిపి, రోజూ నడిపేవారు దాని మీద కూర్చోవాలి. నేలనుంచి దీపం నడిమికి ఎంత ఎత్తో కొలిచి, గోడ మీద అంతే ఎత్తున సుద్దతో గీత గియ్యాలి. డిమ్ వేసినప్పుడు వెలుగు పై అంచు ఆ గీతకు 5 నుంచి 7 సెంటీమీటర్లు కిందుగా ఉండాలి. ఎక్కువ తక్కువలుంటే దీపం మరలు వదులుచేసి సరిదిద్దాలి. మా మేనల్లుడి దీపం ఆకాశం చూస్తున్నది. కిందికి వంచేసరికి, గుడ్డిదనుకున్న ఆ దీపమే రోడ్డును చక్కగా చూపించింది.

"ఇదంతా ముందే చేసి ఉంటే డబ్బు మిగిలేది," అని వాడు నవ్వి, జెనాన్ సామాను మళ్ళీ అట్టపెట్టెలో పెట్టేశాడు.

ఆ వారం జీతం రాగానే వాడు చేసిన పని ఒకటి ఉన్నది. ఎర్రటి మెరుపు స్టిక్కర్లు కొని, ఆ ట్రాలీ రైతు ఇల్లు వెతుక్కుంటూ పోయి, ట్రాలీ వెనక రెండు మూలలా తన చేత్తో అంటించి వచ్చాడు. ఆ స్టిక్కరు తనంతట తాను వెలగదు. కాని తన మీద పడిన వెలుగును, అది వచ్చిన దిక్కుకే తిప్పి పంపుతుంది. చిన్న దీపం తగిలినా దూరానికి ఎర్రగా కనబడుతుంది.

మొన్న చీకటి పడ్డాక నేనూ, మనవరాలూ మళ్ళీ ఆ దారినే వస్తున్నాం. వంక అవతల రెండు ఎర్రని చుక్కలు కనిపించాయి.

"తాతా, నెమ్మదిగా పో. మామ అంటించిన స్టిక్కర్లు!" అన్నది మనవరాలు.

నేను డిమ్ వేసి, వేగం తగ్గించి, ట్రాలీని దాటుకుని వచ్చాను. దాని పక్కన నడుస్తున్న రైతు చెయ్యి ఎత్తి పలకరించాడు. ఈసారి అతను నాకు కనబడ్డాడు, నేను అతనికి కనబడ్డాను.